మంచినీళ్ళు ముట్టని వియ్యంకుడు

ఏటిపాలెం,
12 నవంబరు 1961

చిరంజీవి మాలకొండయ్యకు అక్క పేరమ్మ దీవెనలు.

నువ్వు చేరినట్టు రాసిన కార్డు అందింది. కార్డు మీద నాలుగు ముక్కలు రాసి పడేస్తే నాకు సరిపోదు. ఆ గంగానగర్ ఏ దిక్కున ఉందో, కొత్తగా కడుతున్న ఆ పత్తి మిల్లులో ఫిట్టర్లకి పడుకోవడానికి చోటు చూపించారో లేదో, తిండి ఎక్కడో అన్నీ రాయి. అమ్మ పోయాక నిన్ను చంకనేసుకుని పెంచినదాన్ని. అడిగే హక్కు నాకుంది.

ఇక్కడ మిరప తోటలు పూత మీద ఉన్నాయి. తెగులు లేదు. మీ బావ పొద్దున వెళ్తే చీకటి పడ్డాక వస్తున్నాడు.

ఇక నీ భార్య సంగతి. నువ్వు హిస్సారులో పనిచేసిన మిల్లులోనే ఆ పిల్ల తండ్రి కాటా దగ్గర గుమస్తా అన్నావు, దేశం రెండైనప్పుడు అవతలి వైపు నుంచి అన్నీ వదులుకుని వచ్చినవాళ్ళన్నావు, ఆర్యసమాజంలో పెళ్ళి చేసుకున్నానన్నావు. మేమెవరమూ చూడలేదు, నువ్వన్నదే నమ్మాం. గంగానగర్‌లో ఆడవాళ్ళు ఉండే వసతి లేదని, పని అయ్యేదాకా నా దగ్గర ఉంచుతానని తెచ్చి వదిలావు. సంతోషంగానే ఉంచుకున్నాను. సంతోషకుమారి అని అంత పొడుగు పిలవలేక సంతోషం అంటున్నాను.

కాని ఏమిటిరా ఆ ముసుగు? మీ బావ గుమ్మంలో అడుగు పెట్టగానే కొంగు ముక్కు కిందికి లాక్కుని గోడవైపు తిరుగుతుంది. ఆయన అన్నం తిన్నంతసేపూ ఆ గోడకే అతుక్కుని ఉంటుంది. సిగ్గనుకున్నాం. సిగ్గయితే నాలుగు రోజుల్లో పోవాలి కదా. మొన్న ఆయన అద్దం తెచ్చుకుని చాలాసేపు చూసుకున్నాడు. నా ముఖం అంత రోతగా ఉందా అని నన్నే అడిగాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వీధిలోకి వచ్చినా ముసుగే. ఆ పిల్ల ముఖాన ఏదైనా మచ్చ ఉందా అని పక్కింటి వెంకటరావమ్మ నిలేసి అడిగింది. దాచేది లేకపోతే ఎవరైనా ఎందుకు దాస్తారు?

శివపార్వతిని నీకే ఇవ్వాలని ఊరంతా అనుకున్నదే. నా కడుపున పుట్టిన పిల్ల, నీ సొంత మేనకోడలు. కాదన్నావు. దర్శిలో ఇచ్చాం, సుఖంగానే ఉంది. ఆ మాట మళ్ళీ ఎత్తనన్నాను గాని, ముసుగు చూసినప్పుడల్లా ఎత్తబుద్ధి అవుతోంది.

నిజం రాయి.

మీ అక్క,
పేరమ్మ


గంగానగర్,
26 నవంబరు 1961

అక్కయ్యకు, బావకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. బావ ముఖం బాగానే ఉందని చెప్పు. ఇక్కడ మొగుడి కన్నా పెద్దవాళ్ళు ఎదురైతే ఆడవాళ్ళు ముసుగు వేసుకోవాలి, మాట్లాడకూడదు. బావ నాకు పెద్ద. ముసుగు తీసి ఎదురుగా నిలబడితేనే ఇక్కడివాళ్ళు పొగరనుకుంటారు. మీరు రోత అనుకున్నది ఆమె లెక్కలో గౌరవం.

ఎడారి అంచున ఉన్న ఈ ఊరు మొన్నమొన్నటిదాకా ఇసుకేనట. కాలవ తవ్వాక పత్తి పండుతోంది. ఒంటెలు బండ్లు లాగుతాయి. చలికి రెంచి పట్టుకుంటే చెయ్యి అంటుకుపోతుంది. మాకు రేకుల షెడ్డు ఇచ్చారు. నేను గుంటూరువాణ్ణంటే ఎవరికీ అర్థం కాదు, అందరం మద్రాసీలమే. టీకొట్టువాడు నాకు ఎప్పుడు వెళ్ళినా అంచు విరిగిన గ్లాసే ఇస్తాడు. అది నా కోసం వేరే పెట్టాడా, లేక చేతికి అదే దొరుకుతోందా అని రోజూ చూస్తున్నాను. ఇంకా తేలలేదు.

ఒక్క సంగతి మాత్రం జాగ్రత్త. శివపార్వతిని నాకు ఇద్దామనుకున్న మాట సంతోషం చెవిన పడనీయకు. ఇక్కడ మేనకోడలంటే కూతురితో సమానం. అక్క కూతుర్ని చేసుకుంటారని తెలిస్తే మనల్ని మనుషుల్లో జమకట్టరు. మా మామగారు దౌలత్‌రాంగారికి తెలిస్తే ఆ రోజే రైలెక్కి వచ్చి కూతుర్ని తీసుకుపోతాడు. ఊళ్ళోవాళ్ళ నోళ్ళు కూడా కాస్త కట్టెయ్యి.

చైత్రానికి పని అయిపోతుంది. అప్పటిదాకా ఆమెను నీ రెక్క కింద ఉంచు.

మీ తమ్ముడు,
మాలకొండయ్య


ఏటిపాలెం,
8 జనవరి 1962

చిరంజీవి మాలకొండయ్యకు,

నెలకు పైగా రాయలేదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

మన అమ్మ తన మేనమామనే చేసుకుంది. ఆ ఇద్దరికీ పుట్టినవాళ్ళమే నువ్వూ నేనూ. మీ మామగారి లెక్కలో మనం ఎవరంరా? శివపార్వతి వద్దన్నప్పుడు, చేతుల మీద పెరిగిన పిల్ల కదా, అలా మనసు పోలేదేమో అనుకున్నాను. ఇప్పుడు అర్థమయింది. ఆ దేశంలో నాలుగేళ్ళు ఉండి వాళ్ళ కళ్ళు పెట్టుకుని వచ్చావు. అమ్మా నాన్నా పక్కపక్కన కూర్చున్న ఫోటో నీ పెట్టెలో ఉండాలి. ఉందా, అది కూడా దాచేశావా?

ఊళ్ళోవాళ్ళ నోళ్ళు కట్టమన్నావు. ఎవరి నోరని కట్టను? మన వీధిలో ఇంటికొక మేనరికం ఉంది.

నాకిప్పుడు ఆ పిల్లని చూస్తే అనుమానంగా ఉంటోంది. నేను పెట్టింది తింటుంది, చెప్పిన పని చేస్తుంది, కాళ్ళు నొక్కుతుంది. లోపల మమ్మల్ని ఏమనుకుంటోందో ఎలా తెలుస్తుంది? వచ్చిన తెలుగు పది మాటలు. గాజుల రహిమున్నీసా వీధి చివరే ఉంటుంది కదా, వాళ్ళ ఇంట్లో ఉర్దూ, ఈ పిల్లది ఆమెకి తెలుస్తుంది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని గలగలా మాట్లాడుకుంటారు. నేను వెళ్ళగానే ఆపేస్తారు. నా గురించి కాకపోతే ఎందుకు ఆపాలి?

ఇంత రాశాక అసలు కబురు చెప్పకపోతే పాపం తగులుతుంది. నీ భార్య నీళ్ళోసుకుంది. మూడో నెల నడుస్తోంది. వేవిళ్ళతో మెతుకు నిలవడం లేదు. పుల్ల మజ్జిగలో జొన్నరొట్టె తుంచి వేస్తే అది ఒక్కటి పోతోంది. నేను చూసుకుంటాను. నువ్వు బెంగపడకు.

పేరమ్మ


గంగానగర్,
24 జనవరి 1962

అక్కయ్యా,

కబురు విని షెడ్డులో అందరికీ బెల్లం పంచాను. కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

అమ్మా నాన్నల సంగతి అడిగావు. ఫోటో ఉంది. ఎవరికీ చూపించలేదు. అంతకన్నా అడగొద్దు.

అష్టగ్రహ కూటమికి లోకం మునుగుతుందంటూ ఇక్కడ అంతా యజ్ఞాలు చేస్తున్నారు. లోకం మునగకపోతే మామగారు రామేశ్వరం వెళ్ళి, తిరుగు దారిలో మన ఊరు వచ్చి కూతుర్ని చూసి వెళ్తానని రాశారు. భార్య పోయాక ఆయనకి ఈ పిల్ల తప్ప ఎవరూ లేరు. శివరాత్రి వెళ్ళాక వస్తారు. మర్యాదగా చూడండి. ఆయన మాట తక్కువ మనిషి. ఎదుటివాళ్ళు ఏదైనా తప్పు చేస్తారేమోనని కనిపెట్టి చూస్తున్నట్టు ఉంటారు. నువ్వు మాట జారకు.

తమ్ముడు


ఏటిపాలెం,
7 మార్చి 1962

మాలకొండయ్యకు,

లోకం మునగలేదు గాని నా పరువు మునిగింది.

మీ మామగారు వచ్చాడు. బెజవాడలో దిగి, పేట దాకా బస్సులో వచ్చి, అక్కడి నుంచి మన బుడాన్ బండిలో పొద్దెక్కే వేళకి దిగాడు. తెల్ల తలపాగా, పొడుగు చొక్కా, చేతిలో రేకు పెట్టె. మనిషి బాగున్నాడు. కూతుర్ని చూసి ఏడ్చాడు, మాకూ కళ్ళనీళ్ళు వచ్చాయి. పెట్టె తెరిచి నాకు చీర, మీ బావకి శాలువా, ఆ పిల్లకి బాదంపప్పులు, ఇంకా ఏవేవో తీసి పెట్టాడు. అంతవరకూ లోపం లేదు.

కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిస్తే కడుక్కున్నాడు. తాగడానికి చెంబిచ్చాను. రెండు చేతులూ జోడించి వద్దన్నాడు. యాత్రలో ఉన్నాడు, ఏదైనా నియమం ఉందేమోనని మజ్జిగ ఇచ్చాను. వద్దన్నాడు. కొబ్బరిబోండాం కొట్టించాను. అదీ వద్దే. గారెలు, పులిహోర, పాయసం అన్నీ చేసి విస్తరి వేశాను. విస్తరి ముందు కూర్చోనే లేదు. మంచం వేస్తే మంచం మీద కూర్చోలేదు, వసారాలో ఓ వార నేల మీద కూర్చున్నాడు. కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఘాటు ఇంట్లోకి కొడుతోంది, ఎండ ఫెళ్ళున కాస్తోంది, పెదవులు ఎండిపోయి తడుపుకుంటున్నాడు. అయినా చుక్క ముట్టలేదు. మీ బావ స్వయంగా చెంబు పట్టుకుని ముందు నిలబడ్డాడు. ఆయన చేతిలోదీ తీసుకోలేదు.

మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా లేచి వాగు వైపు నడిచి వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చాడు. సాయంత్రం బండెక్కేముందు నేను వేసిన విస్తరి పక్కన వెండి రూపాయలు పెట్టి దణ్ణం పెట్టాడు. నేనేమైనా పూటకూళ్ళమ్మనా? తినని అన్నానికి డబ్బులా?

ఇక్కడితో అయిపోలేదు. మర్నాడు బుడాన్ చెప్పాడు. ఆయన వాగు దాటి అవతలి ఊళ్ళో మొదటి ఇల్లు, మన మిరప కోతలకు వచ్చే ఇమ్మానియేలు ఇంటి ముందు కూర్చుని, కడవలో నీళ్ళు అడిగి అడిగి తాగాడట. రొట్టె చేయించుకుని తిన్నాడట. కులం పట్టింపు అనుకుందామంటే అక్కడ తాగాడాయె. ఇమ్మానియేలు ఇంట తాగడం తప్పని నేననను. మా ఇంట్లో ఎందుకు తాగలేదని అడుగుతున్నాను. శివపార్వతి సంగతి ఎవరో ఆయన చెవిన వేసి ఉంటారు. కూతుర్ని కాదన్నారన్న కసితో ఈ అక్క ఏం కలిపి ఇస్తుందోనని భయపడ్డాడు. ఇంతకన్నా వేరే అర్థం ఉంటే నువ్వే చెప్పు.

నాకు తల కొట్టేసినట్టయింది. సంతోషం నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది. విదిలించుకున్నాను. రహిమున్నీసా పేటలో కూతురి పురిటికి వెళ్ళింది, చెప్పేవాళ్ళూ లేరు. ఆ రోజే ఆ పిల్లకి వేరే కుండ పెట్టాను. తండ్రి ముట్టని నీళ్ళు కూతురు మాత్రం ఎందుకు ముట్టాలి? బావి నుంచి తనే తెచ్చుకుంటోంది.

ఈసారి నవ్వుకోకు.

పేరమ్మ


గంగానగర్,
17 మార్చి 1962

అక్కయ్యా,

నవ్వలేదు. నీ ఉత్తరం చదివి పనికి వెళ్ళలేకపోయాను.

ఎవరికీ చెప్పని మాట నీకు రాస్తున్నాను. హిస్సారులో మేం కాపురం పెట్టిన గదికి ఆయన వారానికోసారి వచ్చేవాడు. గడప బయట నిలబడి కూతురితో మాట్లాడి వెళ్ళిపోయేవాడు. టీ పెడితే వద్దనేవాడు. మంచినీళ్ళిస్తే వద్దనేవాడు. మిల్లులో నా పక్కన కూర్చుని అందరితో పాటు టీ తాగే మనిషి, నా గదిలో నీళ్ళు తాగడు. నల్లవాడి ఇల్లని, మద్రాసీ ఇల్లని, గతిలేక పిల్లనిచ్చాడు గాని లోపల అసహ్యమని అనుకున్నాను. సంతోషాన్ని ఎందుకని ఒక్కసారీ అడగలేదు. అడిగితే నిజం చెబుతుందేమోనని అడగలేదు.

నన్ను అంటే భరించాను. నువ్వు విస్తరి వేస్తే లేచిపోయాడా? బావ చేతిలో చెంబు కాదన్నాడా? నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే మిల్లు గుమస్తా చేత హిందీలో రాయించి పంపాను. "మా ఇంట నీళ్ళు తాగనివాడి కూతురు మా ఇంట కాపురం ఎలా చేస్తుందో ఆలోచించుకో" అని రాయించాను. గుమస్తా రెండుసార్లు నా ముఖం చూశాడు. రాయమన్నాను.

కుండ సంగతి నాకు నచ్చలేదు గాని నిన్ను తప్పు పట్టను. నేను వచ్చాక ఆమెనే అడుగుతాను, తండ్రి కావాలో మనం కావాలో తేల్చుకోమని.

మాలకొండయ్య


ఏటిపాలెం,
27 మార్చి 1962

నాయనా మాలకొండయ్యా,

పంపానని రాశావు, ఆ ఉత్తరం నిజంగానే పోస్టులో వేసేశావా? వెయ్యకపోతే చించెయ్యి. వేసి ఉంటే ఈ ఉత్తరం అందిన క్షణాన రైలెక్కి వెళ్ళు. ముందు ఇది చదువు.

రహిమున్నీసా నిన్న పేట నుంచి వచ్చింది. గాజుల మలారం అరుగు మీద దించీ దించగానే సంతోషం ఆమె మెడ పట్టుకుని ఏడ్చింది. నేను లోపల ఉండి వింటున్నాను. భాష తెలియకపోయినా ఏడుపు తెలుస్తుంది కదా. కాసేపటికి రహిమున్నీసా లేచి నా దగ్గరకు వచ్చింది.

"ఏమ్మా పేరమ్మా, కడుపుతో ఉన్న పిల్లకి వేరే కుండ పెట్టావంట. ఏం తప్పు చేశానో అడిగి చెప్పమంటంది" అంది.

నేనూ ఊరుకోలేదు. వాళ్ళ నాన్న చేసిందంతా ఏకరువు పెట్టాను. రహిమున్నీసా అది ఆ పిల్లకి చెప్పింది. పిల్ల తెల్లబోయి నా వంక చూసింది. తర్వాత పిల్ల చెప్పిన మాటలు రహిమున్నీసా నాకు తెలుగులో చెప్పింది.

వాళ్ళలో కూతుర్ని ఇచ్చిన ఇంట తల్లిదండ్రులు నీళ్ళు కూడా ముట్టరట. ఇవ్వడం అంటే దానం. దానం చేసిన చోట గుక్కెడు నీళ్ళు పుచ్చుకున్నా ఇచ్చింది వెనక్కి తీసుకున్నట్టట, పిల్లని అమ్ముకున్నట్టట. ఆ ఇంట్లోనే కాదు, ఆ ఊరి బావి నీళ్ళే పనికిరావట. అందుకని పొలిమేర దాటి వెళ్ళి తాగాడు. తప్పక ఆ ఇంటి నీడన కూర్చుంటే దానికీ ఏదో ఒకటి పెట్టి వెళ్ళాలట. ఆ రూపాయలు అందుకు. మనకన్నా ఎత్తున మంచం మీద కూర్చోకూడదట, పిల్లనిచ్చినవాడు కాబట్టి. నీ గది గడప బయట నిలబడిందీ అందుకేనట్రా. ఇది నువ్వు కూడా అడగలేదని ఆ పిల్లకి నిన్ననే తెలిసింది.

బండెక్కేముందు ఆయన కూతురితో ఒక మాట అన్నాడట. ఐదారుసార్లు వద్దన్నా విసుక్కోకుండా నీళ్ళు పట్టుకొచ్చిన ఇల్లు, నిన్ను మంచి చోటే ఇచ్చాను అని. నేను ఆ వెనకే కుండ వేరు చేశాను.

ఇంకొకటి విను. శివపార్వతి సంగతి ఆ పిల్లకి వచ్చిన నెలలోనే వెంకటరావమ్మ చెప్పేసిందట. చెవులు మూసుకుందట. అయినా తండ్రికి చెప్పలేదు. చెబితే అదే బండిలో ఎక్కించుకుపోతాడని భయపడిందట. మేం దాని దగ్గర దాస్తున్నామనుకుంటే, అది మా పరువు తండ్రి దగ్గర దాచింది. రహిమున్నీసాతో గుసగుసలన్నీ తెలుగు నేర్చుకోవడానికట. నా ముందు తప్పు మాట్లాడితే నవ్వుతానని ఆపేదట.

సిగ్గుతో చచ్చిపోయాను. కుండ తీసేశాను. నా చెంబుతోనే తాగించాను. వెంటనే హిస్సారు వెళ్ళు. ఆయనతో తెలియక రాశానని చెప్పు.

అక్క


గంగానగర్,
28 మార్చి 1962

అక్కయ్యకు,

మనం గెలిచాం.

నిన్న మధ్యాహ్నం మిల్లు గేటు దగ్గర ఎవరో వచ్చారన్నారు. వెళ్ళి చూస్తే దౌలత్‌రాంగారు. రాత్రంతా రైల్లో నిలబడి వచ్చినట్టున్నాడు, కళ్ళు లోతుకుపోయాయి. నీ గది చూపించు అన్నాడు. షెడ్డులోకి తీసుకెళ్ళాను. ఈసారి గడప బయట నిలబడలేదు. లోపలికి వచ్చి కూర్చుని, దాహంగా ఉంది, మంచినీళ్ళివ్వు అన్నాడు.

కూజాలోంచి లోటాడు నీళ్ళు వంచి ఇచ్చాను. రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఆపకుండా తాగేశాడు. గడ్డం మీద నుంచి కారింది. నేను నవ్వాను అక్కయ్యా, ఇన్నేళ్ళకి నా ముందు లొంగావు గదా అని. ఇంకో లోటా ఇచ్చాను. అదీ తాగాడు. ఏడుస్తున్నాడు. ముసలితనం కదా, గర్వం విరిగితే అలాగే ఉంటుందనుకున్నాను. వెళ్తూ, నా పిల్లని పంపెయ్యవు కదా అని అడిగాడు. పంపనన్నాను.

నీ విస్తరి కాదన్నందుకు తగిన శాస్తి అయింది. సంతోషానికి నువ్వే చెప్పు, వాళ్ళ నాన్న దారికొచ్చాడని. బావకి కూడా చెప్పు.

మాలకొండయ్య


గంగానగర్,
5 ఏప్రిల్ 1962

అక్కా,

నీ 27వ తారీకు ఉత్తరం ఇవాళ అందింది.

నేను రాసింది నీకు చేరే ఉంటుంది. సంతోషానికి చదివి వినిపించొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పొద్దు. రెండో లోటా ఆయన అడగలేదు, నేనే ఇచ్చాను. నేను హిస్సారు ఏ ముఖంతో వెళ్ళను?

మాలకొండయ్య


ఏటిపాలెం,
16 ఏప్రిల్ 1962

మాలకొండయ్యకు,

చెప్పొద్దన్న నీ ఉత్తరం వచ్చేసరికే చెప్పేశాను. నువ్వు గెలిచామని రాసింది చదువుతుంటే నా ముఖం చూసి ఆ పిల్లే అడిగింది. ఇప్పుడు తెలుగు బాగానే వస్తోంది, అబద్ధం ఆడినా ఆగేది కాదు. చెప్పాను.

ఏడవలేదు. అరిచి గీపెడితే బాగుండేది. పెరట్లో పొగాకు తోరణాల నీడన కూర్చుండిపోయింది. మీ బావ వచ్చాడు. పిల్ల ముసుగు వేసుకోలేదు. అది చూసి నాకు భయం వేసింది. సాయంత్రానికి లేచి వచ్చి ఒక్క మాట అంది. "నాన్న ఇక రాడు వదినా. తనవాళ్ళకి ముఖం చూపించలేడు, నాకూ చూపించలేడు" అంది. నిజమే. నీళ్ళు ముట్టనప్పుడు వచ్చాడు. నీళ్ళు తాగించి మనం ఆయన్ని రాకుండా చేశాం.

రెండు రోజులు ఆలోచించాను. వచ్చే నెల ఈ పిల్లకి ఏడో నెల. మన వైపు తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. వాళ్ళ వైపు ఎలాగో నేను అడగదలచుకోలేదు. ఇది మన ఆచారం, మగపిల్లాడి వాళ్ళం మేం చెబుతున్నాం, ఆయన కాదనడానికి లేదు. నేనే తీసుకెళ్ళి దించుతాను. మీ బావ మిరపకాయలు గుంటూరు తోలడం అయిపోయింది, ఆయనా వస్తాడు. ఆ ఇంట్లో ఆడదిక్కు లేదు కనుక పురుడు నేనే పోస్తాను.

నువ్వు మాత్రం నేను రమ్మనేదాకా అటు రావొద్దు. నిన్ను చూస్తే ఆయనకి ఆ లోటా కనపడుతుంది.

పేరమ్మ


హిస్సారు,
21 మే 1962

తమ్ముడికి,

చేరాం. రైల్లో ఎండకి ఉడికిపోయాం గాని పిల్ల కులాసాగా ఉంది. దారి పొడుగునా భాషలు మారాయి, తిండ్లు మారాయి, నీళ్ళ రుచి మారింది. మీ బావ ప్రతి స్టేషనులో దిగి కుండలో నీళ్ళు పట్టి తెచ్చాడు.

ఆయన ఉన్న సందు ఇరుకు. అందరూ అటువైపు నుంచి వచ్చినవాళ్ళే. టాంగా దిగుతుంటే ఆడవాళ్ళు గుమ్మాల్లోంచి చూశారు గాని ఒక్కరూ పలకరించలేదు. తర్వాత తెలిసింది. కూతురింట నీళ్ళు తాగానని ఆయనే అందరితో చెప్పేశాడట. దాచుకునే మనిషి కాదు. అప్పటి నుంచి శుభకార్యాలకి ఎవరూ పిలవడం లేదట.

మమ్మల్ని చూసి ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. పిల్లని వదిలెయ్యడానికి తెచ్చామనుకున్నాడు. టాంగాలోంచి దించిన పెట్టెల వంకే చూస్తున్నాడు. సంతోషం వాళ్ళ భాషలో గబగబా చెప్పింది, కాన్పుకి తెచ్చారు, తర్వాత మళ్ళీ తీసుకుపోతారు అని. అయినా నమ్మకం కుదరలేదు, నా ముఖం చూశాడు. నేను ముందు నీళ్ళడిగాను. మేం తాగొచ్చు కదా, పుచ్చుకునేవాళ్ళం. పరుగెత్తి తెచ్చాడు. లస్సీ ఇచ్చాడు, రొట్టెలు చేసి పెట్టాడు, మంచం వేసి మీ బావని కూర్చోబెట్టి తను కింద కూర్చున్నాడు. అన్నీ కడుపు నిండా తిన్నాం. ఎంత తింటే అంత తేలికపడుతున్నట్టు కనిపించాడు.

పురుడు అయ్యాక మీరు మా ఊరు రావాలి అన్నయ్యగారూ అన్నాను. తెలియక తప్పు చేశాం, ఈసారి చెంబు పట్టుకుని వెంటపడం, మీ దారిన మిమ్మల్ని ఉండనిస్తాం అన్నాను. సంతోషం అది ఆయనకి చెప్పింది. ఆయన నవ్వి ఏదో అన్నాడు. పిల్ల తెలుగులో చెప్పడానికి ఇష్టపడలేదు. నేను బలవంతం చేశాను.

"వస్తానంటున్నాడు వదినా. ఇప్పుడు మీ ఇంట్లో నీళ్ళు తాగడానికి నాకు అడ్డమేముంది అంటున్నాడు."

నేను తల ఎత్తలేకపోయాను. మీ బావ లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆయన మాత్రం నిష్ఠూరంగా అనలేదు మాలకొండయ్యా. మామూలుగా అన్నాడు.

మీ అక్క,
పేరమ్మ